పగిలిన పైకప్పు కింద

కంబమందు బొడమి గాచితి శిశువును
సింహగిరిని వెలయు శ్రీనృసింహ
పగిలినట్టి మనసు పదిలంబుగా నిల్పు
దిక్కు నీవె మాకు దీనబంధు

పీటర్‌మారిట్స్‌బర్గ్ ఊరి చివర, కార్ల అద్దాలు బిగించే అప్పలసామి దుకాణం. మధ్యాహ్నం వేళ. అప్పలసామి, నల్లని పెద్ద కారు యజమాని లిండాని జోండి, వంశం పేరుతో నొందాబా.

"ఇది కూడా వద్దంటారా, నొందాబా?"

"రంగు తేడాగా ఉంది, సామిగారూ."

"ఎక్కడ తేడా?"

"పాతది పొగరంగు. ఇది పచ్చగా కొడుతోంది."

"నీడలో చూస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి. ఇలా ఎండలోకి రండి. ఆ అంచు పట్టుకోండి, జాగ్రత్త. ఇప్పుడు చెప్పండి."

"ఇప్పుడూ పచ్చగానే ఉంది."

"మొదట తెప్పించిన పైకప్పు అద్దానికి అంచున గీత ఉందన్నారు. నాకు కనపడలేదు, మీకు కనపడింది, వెనక్కి పంపాను. రెండోదానికి వంపు కుదరలేదన్నారు. నా కొలతకి కుదిరింది, మీ కంటికి కుదరలేదు. అదీ పంపాను. ఇది మూడోది. జర్మనీలో ఓడెక్కి, డర్బన్‌లో దిగి, మెత్తల మధ్య పడుకుని నా దగ్గరికొచ్చింది. చెరుకుతోటల పనికని మా ముత్తాతని దింపిందీ ఆ రేవులోనే. ఆయన్ని ఇందులో పదోవంతు జాగ్రత్తగా దింపి ఉంటే మావాళ్ళు ఇంకో నలుగురు బతికుండేవారు."

"నన్ను నవ్వించాలని చూడకండి."

"చూస్తూనే ఉన్నాను. ఫలితం లేదు."

"నాకు తొందరేమీ లేదు."

"నాకుంది. ఈ దుకాణంలో రెండు బండ్లకే చోటు. ఒక చోట మీది కాపురం పెట్టింది. బీమావాళ్ళు ఫోను మీద ఫోను. మేం ఒప్పుకున్నాక కూడా ఎందుకు బిగించలేదంటారు. ఏం చెప్పమంటారు?"

"నాకు నచ్చలేదని చెప్పండి."

"అద్దం నచ్చలేదా, బిగించడం నచ్చలేదా?"

"టీ ఉందా?"

"ఉంది. అడిగినదానికి జవాబు చెబితే పోస్తాను."

"అయితే వద్దు."

"ఇదిగో, తీసుకోండి. పంతానికి పోయి గొంతు ఎండబెట్టుకోకండి. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"ఏదో."

"నిన్న మీ ఆవిడ నాకు ఫోను చేసింది."

"మీకా?"

"నాకే. అద్దాలవాడికి. జొహానెస్‌బర్గ్ నుంచి. అద్దం సంగతి అడుగుతుందనుకున్నాను. మా ఆయన ఏమైనా తిన్నాడా అని అడిగింది. మీ ఫోను మోగుతుందట గానీ మీరు ఎత్తరట. పాపని మట్టిచేసిన మర్నాడు, బండి సంగతి చూసొస్తానని వచ్చిన మనిషి మళ్ళీ ఇంటి మొహం చూడలేదట."

"మీరేం చెప్పారు?"

"తిన్నాడని చెప్పాను. ఈ వయసులో నాచేత అబద్ధాలాడిస్తున్నారు మీరు."

"చక్కెర ఎక్కువైంది ఇందులో."

"చూశారా, టీకి కూడా వంక. మీ వంశం పేరు పెట్టి నొందాబా, నొందాబా అని మర్యాదగా పిలుస్తున్నాను కాబట్టి ఒక మాట అనే హక్కు నాకుంది. నేను తాళం తీయకముందే వచ్చి నిలబడతారు. అద్దం చూడాలంటారు. చూసేది అద్దాన్ని కాదు. బండెక్కి ముందు సీట్లో కూర్చుని తలుపేసుకుంటారు. స్టీరింగు పట్టుకుంటారు. బండి కదలదు, మీరూ కదలరు. నేను గమనించలేదనుకున్నారా?"

"బండి నాది."

"కాదన్నానా?"

"నాది కాబట్టి కూర్చుంటాను."

"కూర్చోండి. కూర్చుని ఏం చూస్తారు? పైన అద్దమా లేదు, ఆకాశమా లేదు. నా దుకాణం రేకులు తప్ప."

"చూడనివ్వండి. మీ రేకులు అరిగిపోవు."

"నేను పేపర్లో చదివాను. వంతెన మీంచి ఎవరో రాయి వేశారని. మీ నోట ఎప్పుడూ వినలేదు."

"పేపర్లో రాసిందే జరిగింది."

"ఎనిమిదేళ్ళ పాప అని రాశారు. పేరు రాయలేదు."

"మినే."

"మినే."

"మినేన్‌లే. అంటే చక్కని రోజు. ఆ రోజు ఆదివారం. ఊళ్ళో మా అమ్మ దగ్గరికి వస్తున్నాం, మేమిద్దరమే. నాన్నా, పైన తెర తియ్యి, మబ్బులు చూస్తాను అంది. తీశాను. వెనక సీట్లో తల వాల్చుకుని ఒక్కో మబ్బుకీ పేరు పెడుతోంది. ఇది ఆవు. ఇది మా టీచరు. ఇది మా టీచరు వాళ్ళ ఆవు."

"చెప్పండి, నొందాబా."

"చప్పుడైంది. నా ఒళ్ళో గాజు పలుకులు పడ్డాయి, వడగళ్ళలాగా. ముక్కలు కూడా కావు, పలుకులు."

"అవును. ఈ అద్దం పగిలితే అలాగే రాలుతుంది. ఎవరికీ కోసుకోకూడదని అలా తయారు చేస్తారు."

"కోసుకోలేదు. అద్దం వల్ల ఎవరికీ ఒక్క గీటు పడలేదు."

"అయ్యో, నా ఉద్దేశం..."

"రాయి అని నాకు తెలియదు, సామిగారూ. అద్దం దానంతటదే పేలిందనుకున్నాను. ఒక్కోసారి అలా పేలుతుందని ఎవరో చెప్పగా విన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. ముందు లారీ, పక్కన లారీ, ఆపడానికి చోటు లేదు. భయపడకు తల్లీ, అద్దమే కదా, కొత్తది వేయిద్దాం అన్నాను. పలకలేదు. అలిగిందనుకున్నాను. అలిగితే పలకదు అది. సరే, ఏ రంగుది వేయిద్దామో నువ్వే చెప్పు అన్నాను. చోటు వెతుక్కుంటూ, దాన్ని బుజ్జగిస్తూ, అలా మాట్లాడుతూనే పోయాను. ఎంత దూరమో తెలియదు."

"ఇంక చెప్పకండి."

"అందుకే రంగు సరిగ్గా ఉండాలి."

"అలాగే. అలాగే, నొందాబా. దీన్ని వెనక్కి పంపుతాను. ఇంకోటి తెప్పిస్తాను. టీ తాగండి... ఎవరది? అవ్వా, రండి, ఆ బల్ల మీద కూర్చోండి. ఎవరు కావాలి? అవ్వా, మిమ్మల్నే."

"అమ్మ. మా అమ్మ, సామిగారూ."

"మీ అమ్మగారా? పలకరేం? చేతిలో అది రేగుకొమ్మ కదూ? తప్పయిపోయింది, పలకరించకూడదు కదా. ఒకసారి లేడీస్మిత్ ఊరికి పోయే వాన్‌లో ఖాళీ సీటు చూసి కూర్చోబోయాను. పక్కనున్న ముసలాయన నోరు విప్పకుండా ముళ్ళకొమ్మ అడ్డం పెట్టాడు. ఆ సీటు పోయినాయనకి కొన్నారట. పోయినవాళ్ళ ప్రాణాన్ని, పోయిన చోట పిలిచి, ఆ కొమ్మతో ఇంటికి తీసుకెళతారని, కొమ్మ పట్టినవాళ్ళు పోయినవాళ్ళతోనే మాట్లాడతారని, బతికున్నవాళ్ళతో ఒక్క మాటా అనరని అప్పుడు తెలిసింది నాకు."

"అమ్మా, ఇక్కడికెందుకొచ్చావు? ఇంత దూరం ఒక్కదానివే వాన్ ఎక్కి వచ్చావా? ఆ పని అయిపోయింది కదా. అన్నయ్య కొమ్మ పట్టుకుని వంతెన దగ్గర పిలిచాడు కదా. మినే ఇంటికి చేరిందని పెద్దలంతా అన్నారు కదా. అమ్మా, ఇక్కడెవరూ లేరు."

"మినే. నొందాబా వంశపు చిన్నదానా. నేను, నీ నానమ్మని. మీ పెదనాన్న నిన్ను వంతెన దగ్గర పిలిచాడు తల్లీ. చోటు తప్పాం. నువ్వు అక్కడ ఆగలేదు కదా. బండి పోతూనే ఉంది కదా. ఆయన ఎండలో నిలబడి అరిచి అరిచి ఉత్త కొమ్మని ఇంటికి తెచ్చాడు. కల్లో నువ్వు నాకు కనపడ్డావు, ఈ బండిలోనే ఉన్నావు. నీ కోసమే వచ్చాను."

"అమ్మా, అది వట్టి కల. సామిగారూ, మీరైనా చెప్పండి. ఇక్కడ ఎవరున్నారు?"

"నన్నడుగుతారేం? ఎవరూ లేకపోతే మీరు రోజూ ఎవరికి తోడు కూర్చుంటున్నారు?"

"బండి నాది. అందుకే కూర్చున్నాను."

"నేను ఊరికే అనలేదు, నొందాబా. జవాబు నాకొద్దు. మీరే చెప్పుకోండి."

"అమ్మా, ఇంకొక్క రోజు ఉంచు. నీ కాళ్ళు పట్టుకుంటాను. రేపు నేనే తీసుకొస్తాను. ఇప్పుడు తీసుకెళ్ళకు."

"మినే, తలుపు తీస్తారు తల్లీ. భయపడకు."

"తియ్యకండి, సామిగారూ."

"పక్కకి జరగండి."

"ఆ తలుపు నేను కూడా తియ్యలేదు. ఆ రోజు నుంచి వెనక తలుపు తియ్యలేదు నేను."

"తెలుసు. ఊడ్చేటప్పుడు నేనే తీశాను. జరగండి, నాయనా. పెద్దావిడ ఎంతసేపని నిలబడుతుంది?"

"మినే, లే తల్లీ. చెప్పులు తొడుక్కో. కింద గాజు ఉంటుంది."

"లేదు అవ్వా, సీటు సందుల్లో పలుకులు కూడా ఏరి..."

"ఆవిడతో మాట్లాడకండి, సామిగారూ."

"అయితే పాపతోనే చెబుతాను. పాపా, మినే, ఈ తాత అంతా ఊడ్చేశాడు. ఒక్క పలుకు లేదు. ఉత్త కాళ్ళతోనైనా దిగొచ్చు."

"దిగావా? ఈ కొమ్మ పట్టుకో. ముల్లు లేని చోట పట్టుకో. ఇప్పుడు ఈ దుకాణం దాటుతాం. బయట తెల్లవాన్ ఉంది. కిటికీ పక్క సీటు నీది. దారిలో తుగేలా ఏరు వస్తుంది, దాటేటప్పుడు చెబుతాను, నిద్రపోకు. ఇంట్లో మొక్కజొన్న ముద్ద చేసి, పులిసిన పాలు పోసి ఉంచాను. పోయిన మీ తాత వాళ్ళంతా ఉండే మూలన నీకు చాప వేశాను."

"అమ్మా, నాతో ఒక్క మాట మాట్లాడు. తిట్టు. తెర ఎందుకు తీశావని తిట్టు. వెనక్కి ఎందుకు చూడలేదని తిట్టు. అందరూ నీ తప్పు లేదంటున్నారు. నువ్వైనా తిట్టు, అమ్మా."

"ఇటు చూడు మినే, గడప. మెల్లగా."

"ఆవిడ ఎలా మాట్లాడుతుంది, నొందాబా? మాట్లాడితే పాప మళ్ళీ దారి తప్పదా? మీకు తెలియనిదేముంది? వెంట వెళ్ళండి. వాన్‌వాడు హారన్ కొడుతున్నాడు. అదేమిటి, మళ్ళీ బండెక్కుతున్నారేం?"

"ఆ అద్దం బాగుంది. రంగు సరిపోయింది. బిగించేయండి."

"లోపల మనిషిని పెట్టుకుని ఎలా బిగిస్తాను? దిగండి."

"మనిషెవరూ లేరు లెండి. బిగించండి."

"అలా మాట్లాడకూడదు. తలుపు తీయండి. నొందాబా, తాళం వేసుకున్నారా? తీయండి. మీ ఆవిడకి నేనేం చెప్పాలి ఈసారి? చూడండి, మీ అమ్మగారు ఆగిపోయారు. వెనక్కి వస్తున్నారు."

"రావద్దనండి. దాన్ని వదిలేసి రావద్దనండి."

"లిండానీ."

"అమ్మా, మాట్లాడకు. కొమ్మ చేతిలో ఉంది. అంతా పాడైపోతుంది. నాతో మాట్లాడకూడదు నువ్వు."

"లిండానీ. నా కడుపున పుట్టినవాడా. నేను, మీ అమ్మని. కల్లో అది ఒక్కతే లేదు, నాయనా. ముందు సీట్లో నువ్వూ ఉన్నావు, ఈ కొమ్మ నీ కోసం కూడా. నీకూ సీటు కొన్నాను. దిగు, ఇంటికి పోదాం."

ఈ మాటలు విన్నవారి ఇళ్ళలో, పేరు పెట్టి పిలిచే గొంతూ, ఆ పిలుపుకు పలికే గొంతూ చిరకాలం నిలుచుగాక. దారిలో నిలిచిపోయినవారందరికీ ఆ స్వామి తోడై ఇల్లు చేర్చుగాక.