బట్టమేక పిట్టలు మిగిలిన బీడు

"జేజీ, బట్టమేక పిట్టను నువ్వు దగ్గర్నుంచి చూసినావా?" అని అడిగితే మా జేజి చెప్పింది:

చూసేదేంది పాపా, ఈ చేతుల్తోనే కోసినా. ఆఁ, అట్ల చూడగాకు, చెప్తా ఇను. అప్పుడు కర్నూలు రాజధాని. నా పెండ్లై రెండేండ్లు... కాదు, మూడు. మీ పెద్దత్త చంకలో ఉండె గదా. మన బీడంతా మోకాలెత్తు గడ్డి. దాంట్లో నెమలంత పిట్టలు, మనిషి మాదిరి తలెత్తుకొని నడుస్తాండె.

ఒగదినం జీపులో దొరలొచ్చిరి, తుపాకులు పట్టుకొని. "పిట్టలు యాడుండాయప్పా?" అని మీ తాతను అడిగిరి. గొడ్లు మేపేటోడు, ఒక్కోదాని జాడ తెలుసు. పెద్దోళ్లు అడిగినారని మురిసిపోయి ముందర నడిచి చూపిచ్చె. రెండు పడగొట్టిరి. ఒగటి మాకిచ్చి పోయిరి.

నేను సంబరంగా వాకిట్లో కూచొని కోస్తి. కడుపులో గుడ్డు, పాపా. పెంకు గట్టిపడిన గుడ్డు. రేపో మాపో పెట్టేది. అది పెట్టేదే ఒక్కటంట, వట్టి నేలమీద. మీ తాత చూసి, "నేనే గదా చూపిచ్చినా" అనె. ఆ కూర నేను వండలా.

వానలు పడినాక మా బావ, అదే మీ తాత అన్న, బీడు దున్ని జొన్న యేద్దామనె. "నా పాలు నాకియ్యి, నేను దున్నను" అనె మీ తాత. తిండికే ఇబ్బంది అప్పుడు. నేను గూడా అంటి, "పిట్టల కోసం బిడ్డ కడుపు మాడుస్తావా?" అని. మీ తాత కూలికి పోయి మమ్మల్ని సాకె గాని, తన పాలుకొచ్చిన బీడులో మడక పెట్టలా.

మళ్లా జీపొచ్చె. నేను ఆడనే కట్టెలేరుకుంటాండా. "లేవు సామీ" అనె మీ తాత. "అబద్ధమాడ్తావా?" అని ఒగాయన తుపాకి కట్టెతో రొమ్ము మీద పొడిచె. గడ్డిలో పిట్ట నా కండ్లకు కనపడ్తానే ఉండాది. చెయ్యెత్తి చూపిస్తే మొగునికి దెబ్బలు తప్పుతాయి. ఏమనుకుంటినో ఏమో, "పోయిన వారమే వాగు అవతలికి ఎగిరిపాయ సామీ" అంటి. నమ్మి పోయిరి.

ఇంటికొచ్చేటప్పుడు మీ తాత నా నెత్తిమీది మోపు తీసి తాను ఎత్తుకొనె. ఊరంతా చూస్తాండంగ! అప్పట్లో మొగోళ్లు అట్ల చేస్తారా?

శానా ఏండ్లకు సర్కారోళ్లొచ్చి, ఈ బీడు ఇంక పిట్టలదే, ఎవురూ వేటాడగూడదు అనిరి. అది చూసేదానికి మీ తాత లేడు. ఇప్పుడు పిట్టలు వస్తాండాయో, లేదో... నువ్వు అడవి కొలువులో చేరినావు గదా, నువ్వే చూసి చెప్పాల. నీ కాలం చల్లగుండాల తల్లీ. ఎండన పడి తిరిగేదానివి, నెత్తిన గుడ్డేసుకోని పో...