చిల్లు ఉంటే గోడకి

అసలు నిన్నెవరు కొరకమన్నారు వదినా? బిస్కట్ అన్నాక టీలో ముంచుకోవాలి, నాననివ్వాలి, అప్పుడు తినాలి. అంతేగానీ చెరుకుగడ దొరికినట్టు కటుక్కున కొరికేస్తే, ఏ బిస్కటయినా ఏం చేస్తుంది పాపం!

మాట్లాడకు, మాట్లాడకు! దూది కదులుతుంది. రక్తం ఆగేదాకా నోరు తెరవకుండా ఇక్కడే కూర్చోమన్నాడు డాక్టరు. అన్నయ్య కింద షాపులో మందులు తేవడానికి వెళ్ళాడు, వచ్చేస్తాడు. అంతవరకూ నేను మాట్లాడతాను, నువ్వు తల ఊపు చాలు. మనిద్దరికీ ఇదేం కొత్త కాదుగా.

ఏంటా చూపు? నేను రాకపోయుంటే ముందు చెప్పకుండా వచ్చినవాళ్ళని ఈ డాక్టరు చూసేవాడా? ఆ కౌంటరు దగ్గరమ్మాయి "సాయంత్రం రండి" అంటే, నువ్వు చెంప పట్టుకుని తిరిగి మెట్లవైపు నడిచావు. నేనేగా సంచిలోంచి డబ్బా తీసి, సరాసరి లోపలికెళ్ళి, డాక్టరుగారి బల్లమీద పెట్టి, "మా ఇంట్లో నా చేత్తో చేసినవండీ, టీ వేళకి బాగుంటాయి" అన్నాను! మనిషి ఎలా మెత్తబడిపోయాడో చూశావా? చేత్తో చేసి ఇచ్చిన వస్తువుకి ఆ విలువ ఉంటుంది. నువ్వొప్పుకోవు గానీ.

ఒప్పుకుంటావా? సరే, సంతోషం.

నా భయమల్లా ఆదివారం క్లాసు గురించే. ఇంకా నాలుగు రోజులు కూడా లేవు. "ఇంట్లోనే తేలిగ్గా చేతిపనులు, చిరుతిళ్ళు" అని మన కాలనీ హాలు ముందు పోస్టరు కూడా అంటించేశారు. నువ్వు ఆ సెక్రటరీతో పోట్లాడి మరీ ఇప్పించిన క్లాసు. ఇప్పుడు నా బిస్కట్ తిని నీ పన్ను విరిగిందని కాలనీలో తెలిస్తే ఒక్కరైనా వస్తారా? పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరైనా పిలిచి, నువ్వు నేర్పు మేం నేర్చుకుంటాం అన్నది ఇదే మొదలు వదినా. అందుకే చెప్తున్నాను, ఎవరైనా అడిగితే మెట్లమీద జారానని చెప్పు. బాత్రూములో అయినా సరే. నీ ఇష్టం, నేను బలవంతపెట్టను.

కానీ నాకు ఒళ్ళు మండింది ఎక్కడో తెలుసా? నీ పంట్లో ఇరుక్కున్న ముక్కని పట్టకారుతో పైకి తీసి, దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి, "ఇంట్లో ఏమైనా రిపేర్లు చేయిస్తున్నారా అమ్మా?" అంటాడా! గోడ పెచ్చు అనుకున్నాట్ట! "పెచ్చు కాదండీ, బిస్కట్" అన్నాను. మళ్ళీ ముక్కని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. "అలాగా" అన్నాడు. ఆ "అలాగా" ఉంది చూశావూ, అక్కడే నాకు తల కొట్టేసినట్టయింది.

ఏంటా సైగలు? నీ సంచా? రుమాలు... ఓహో! మిగతా ముక్క మూటగట్టి తెచ్చావా! ఎందుకమ్మా, సాక్ష్యానికా? ఇటివ్వు చూడనీ.

చూడు, ఎంత ముద్దుగా ఉందో నా చేప! కన్ను, మొప్పలు, పొలుసులు, అన్నీ ఫోర్కుతో గీసి పెట్టాను. తోక కాస్త పోయింది గానీ... పోవడం కూడా కాదులే. పోయింది నీ పన్ను. తోక మీద గీతలు గీతల్లాగే ఉన్నాయి.

ఏంటి? నాకమంటావా? ఇక్కడా? ఇంతమంది కూర్చున్న చోట, విరిగిన బిస్కట్ నాకమంటావా? నీకు మత్తు పంటికిచ్చాడా బుర్రకిచ్చాడా! సరే సరే, ఏడవకు. నీ తృప్తి కోసం.

థూ! ఉప్పు!

ఆగు. ఇంత ఉప్పేంటి? చిటికెడు కాదిది, చేరెడు... వదినా! ఇది బిస్కట్ కాదు. ఇది గోడబొమ్మ!

అయ్యో అయ్యో అయ్యో. డబ్బా ఇచ్చినప్పుడు చెప్పానా లేదా? ప్రతి డబ్బాలో రెండు రకాలున్నాయని చెప్పానా? ఒకటి తినేది. మైదా, వెన్న, పంచదార. రెండోది గోడకి తగిలించుకునేది. మైదా, ఉప్పు, నీళ్ళు, అంతే. సన్నసెగ మీద ఓవెన్లో పూటంతా వదిలేస్తే రాయిలా బిగుసుకుంటుంది, ఏళ్ళు గడిచినా చెక్కు చెదరదు. అచ్చు నా దగ్గర ఒక్కటే ఉంది కాబట్టి రెండూ చేపలే. మరి కలిసిపోవూ? కలిసిపోతాయనేగా గుర్తు పెట్టాను! బొమ్మలకి దారం కోసం చిల్లు. చిల్లు ఉంటే గోడకి, చిల్లు లేకపోతే నోటికి. అన్ని మూతల మీదా ఎర్ర పెన్నుతో రాసి, పక్కన గుండీలతో పువ్వు కూడా అంటించాను కదే!

మరి దీని చిల్లేది? తోకవైపు లేదు. తలవైపూ లేదు. పెట్టిన ఆనవాలే లేదు.

చిల్లులు నేను పెట్టలేదు. మా ఆయన పెట్టాడు. ఉండు, ఫోన్ చేస్తాను.

ఏమండీ, నేనే. వదిన బాగానే ఉంది, పన్ను పోయింది. అది కాదండీ, మొన్న పిండి కాల్చేముందు అగ్గిపుల్లతో చిల్లులు పెట్టమన్నాను కదా, ఏ పళ్ళానికి పెట్టారు? ఆఁ, ఎడమవైపు పళ్ళానికే పెట్టమన్నాను, అవును. పెట్టారా? మరింకేం... ఎవరి ఎడమేంటి? ఎడమంటే ఎడమే కదండీ, దానికి కూడా మనుషులుంటారా! మీరు అసలెక్కడ నిలబడ్డారు అప్పుడు?

వదినా, ఈయన బల్లకి అవతల నిలబడ్డాడుట. నాకు ఎదురుగా.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే, ఎదురుగా నిలబడడమే గానీ ఏనాడూ నా పక్కన నిలబడి ఎరగడు! నా ఎడమ ఆయనకి కుడి అయింది. బిస్కట్లన్నిటికీ చిల్లులు పొడిచి పెట్టాడు. బొమ్మల జోలికి పోలేదు. అంటే... మన చుట్టాలందరూ బిస్కట్లు గోడకి తగిలించుకుని, బొమ్మలు తిన్నారు వదినా!

అమ్మో, అమ్మ! అమ్మకి బీపీ! ఏమండీ, ఫోన్ పెట్టెయ్యకండి, పక్కవీధికి పరిగెత్తుకెళ్ళి మా అమ్మ దగ్గర్నుంచి డబ్బా లాక్కోండి. ఇవ్వదా? పోట్లాడండి! అల్లుడు అడిగితే ఎందుకివ్వదు? అది బొమ్మని చెప్పండి. నమ్మకపోతే గోడకేసి కొట్టి చూపించండి!

హమ్మయ్య. వెళ్తున్నాడు.

కానీ వదినా, నాకొకటి అర్థం కావట్లేదు. నిన్నంతా నాకు ఫోన్లొచ్చాయి కదా. అందరూ బాగున్నాయన్నారు కదా! అమ్మ ఏమందో తెలుసా? కట్టుడు పళ్ళు తీసి పక్కన పెట్టుకుని చప్పరించిందిట. "పొద్దున వేసుకుంటే పొద్దుగూకేదాకా ఒక్కటే వచ్చిందే, ఎంత పొదుపో" అంది. పిన్ని "నోట్లో వేసుకుంటే అలా ఉండిపోయిందమ్మా" అంది. అన్నయ్య సుత్తితో ముక్కలు చేసి మాత్రలు మింగినట్టు మంచినీళ్ళతో మింగి, "ఈసారి బాగా కుదిరాయి" అని మెసేజ్ పెట్టాడు. ఒక్కరంటే ఒక్కరు, ఇదేంటి ఇలా ఉందని అడగలేదు.

నువ్వు? నువ్వైతే ఇంకో నాలుగు పంపమన్నావు!

అంటే ఏంటి వదినా దానర్థం? ఉప్పుబొమ్మకీ నా బిస్కట్‌కీ తేడా తెలియలేదా మీకు? ఎప్పుడూ ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయనుకున్నారా?

ఎందుకు కిటికీలోంచి బయటకి చూస్తావు? అక్కడేముంది, గోడేగా?

లేదు లేదు. మీకు నాలుకలు మొద్దుబారాయి, అంతే. ఈసారి బిస్కట్లలో వెన్న ఎంత వేశాను! పంచదార ఎంత వేశాను! ఇప్పుడు నా ఇంట్లో హాల్లో వరసగా వేలాడుతున్నవి ఆ బిస్కట్లేగా. రెండు రోజులై గోడమీదున్నాయి. ఈపాటికి చీమలు బారులు తీరి ఉంటాయి. ఉండు, నీకు రుజువు చూపిస్తాను.

ఏమండీ, డబ్బా దొరికిందా? మంచిది. అమ్మ ఏడుస్తోందా? పోనీలెండి. ఇంటికొచ్చారుగా, హాల్లో గోడమీద చేపలకి చీమలు పట్టాయా చూడండి. కళ్ళజోడు పెట్టుకుని చూడండి. ఆఁ, ఉన్నాయిగా! చూశావా వదినా, ఉన్నాయిట! ఏంటండీ? మళ్ళీ చెప్పండి.

వదినా...

గోడమీద చీమల బారు ఉందిట. నేల దగ్గర్నుంచి తిన్నగా చేప దాకా వచ్చిందిట. చేప దగ్గర పక్కకి తిరిగి, చుట్టూ తిరిగొచ్చి, వంటింట్లో బెల్లం డబ్బా వైపు వెళ్ళిపోతోందిట.

చీమలకేం మొహమాటం వదినా? వాటికి నేనేమైనా ఆడపడుచునా?

ఇటు చూడు. కిటికీ వైపు కాదు, నా వైపు. ఇవాళ నీకు నోరు లేదు కాబట్టి అబద్ధం ఆడలేవు. తల ఊపు చాలు. నా బిస్కట్లు బాగుంటాయా? పోయినసారి కేకు? అంతకుముందు ఇంట్లో చేసిన చాక్లెట్లు? ఏదైనా, ఒక్కటైనా?

ఎటు ఊపావ్? నిలువుగానా? మెడ పట్టిందా, లేక...

అడ్డంగానే.

ఇన్నేళ్ళూ ఎలా తిన్నావు వదినా? మింగలేక కక్కలేక నా కళ్ళముందే ఎలా కూర్చున్నావు? ఆడబిడ్డ అర్ధమొగుడంటారని భయపడ్డావా? కాదా? మరి? నేనిచ్చిన చేతిపనులైనా నచ్చాయా? మీ ఇంట్లో నీళ్ళసీసా దగ్గర్నుంచి టీవీ రిమోట్ దాకా నేనల్లిన ఊలు చొక్కా లేనిదేది! అవి నిజంగానే బాగున్నాయా? నిలువుగా. రిమోట్ చొక్కా కూడానా? ఓ, అది అడ్డం. బొత్తాలు కనపడవు, నాకూ తెలుసు.

మరి తిండి సంగతి ఒక్కసారైనా చెప్పొచ్చుగా! ఏంటి, నా మొహం చూపిస్తున్నావ్? నా మొహానికేమయింది?

ఓ.

డబ్బా పట్టుకుని మీ గుమ్మంలో నిలబడినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో, అదా? అది చూసి చెప్పలేకపోయావా?

అంత గట్టిగా ఊపకు, దూది ఊడుతుంది.

ఉప్పు తిన్న విశ్వాసం అంటారు గానీ, మరీ ఇంత ఉప్పా వదినా!

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? మత్తు ఒకవైపే కదా, సగం మొహం నవ్వుతోంది, సగం నాకు సంబంధం లేదన్నట్టుంది. నవ్వకు. నన్ను నవ్వించకు. అక్కడ ఆ పెద్దాయన దవడ పట్టుకుని మనల్నే చూస్తున్నాడు. ఇప్పుడు నవ్వేంటి నాకు, ఛీ!

సెక్రటరీకి ఫోన్ చేసి క్లాసు మానేస్తున్నానని చెప్పేస్తాను. వద్దా? వద్దంటావేంటి, ఇంత జరిగాక! ముందు వరసలో నువ్వు కూర్చుంటావా? ఈ వాచిన చెంపతోనా? అడిగితే మెట్లమీద జారానని చెప్తావా? నువ్వసలు మనిషివేనా వదినా? నాకు ఏడుపొస్తోంది. ఆ రుమాలివ్వు. చేప ముక్క తీసి ఇవ్వు.

ఏంటి మళ్ళీ? తలుపా? డాక్టరుగారి గదా? టీ వచ్చిందా? వస్తే రానీ, మనకేం...

అమ్మ బాబోయ్! డబ్బా!

డాక్టరుగారూ! ఒక్క నిమిషమండీ! ఆ డబ్బాలో చిల్లులు లేనివి నోట్లో పెట్టకండి, అవి... తిన్నారా? అయ్యో, అవి తినేవి కాదండీ, అవి... ఏంటండీ? ఏమన్నారూ?

వదినా! బాగున్నాయంటున్నాడు! "చాలా బాగున్నాయమ్మా" అన్నాడు, నీ మీదొట్టు! ఈయనకి నేను ఆడపడుచుని కాను, అత్తగారిని కాను, ఈయనకి దేనికి మొహమాటం?

చెంపా? ఎవరి చెంప? ఆఁ, చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చిన్న అద్దం కూడా తీసుకున్నాడు. తన నోట్లోనే పెట్టుకుని చూసుకుంటున్నాడు.

నాకు తెలుసులే వదినా. తిన్నది బొమ్మేననీ తెలుసు, అన్నది అబద్ధమనీ తెలుసు. అయినా చెవినపడగానే ఎంత బాగుందో! ఏం చేస్తాం, నా జన్మ ఆ ఒక్క మాట కోసం ఇలా తగలడింది.

లే, అన్నయ్య వచ్చాడు. నెమ్మదిగా లే. ఆయన అద్దం కింద పెట్టేలోగా మెట్లు దిగిపోదాం.

ఆదివారం క్లాసు ఉంది వదినా. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి, మాటిచ్చావు. బిస్కట్లూ చేస్తాను, బొమ్మలూ చేస్తాను. కానీ ఈసారి చిల్లులు నేనే పెడతాను. రెండు పళ్ళాలకీ.