చీజ్‌ను వెనక్కి రప్పించిన అక్కయ్యగారు

1989 ఆగస్టు ఏడో తేదీన, పరీక్షగదిలో గాజుసీసాలు కడిగే పనికి మన చీజ్ కర్మాగారంలో అడుగుపెట్టిన అక్కయ్యగారు, ఈ నెలాఖరున నాణ్యతా విభాగ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. సీసాలు కడుగుతూనే పాలలో వెన్న శాతం చూడడం నేర్చిన వారికి ఆరేళ్లకు నమూనాలు తీసే బాధ్యత, మరో పదేళ్లకు సంతకం చేసే అధికారం దక్కాయి. మండువేసవిలోనూ స్వెట్టర్ విప్పరు కనుక మేము వారిని చల్లగది అక్కయ్య అని పిలుచుకున్నాం.

మూడేళ్ల క్రితం ఒక మంగళవారం, చీజ్‌ను ముక్కలుగా కోసే యంత్రాన్ని దూదితో తుడిచి చేసిన పరీక్షలో బాక్టీరియా అనుమానం కనబడింది. ఖాయంగా తేలడానికి ఐదు రోజులు పడుతుంది.

"అంతవరకు ఆగుదాం. ఊరికే గోల ఎందుకు?" అన్నారు మేనేజరుగారు.

"మనం ఆగుతాం సార్, తినేవాళ్లు ఆగరు కదా" అని, ఆ యంత్రంపై కోసిన సరుకంతా దుకాణాల నుంచి వెనక్కి రప్పించమని అక్కయ్యగారు రాసి సంతకం పెట్టేశారు.

ప్యాకింగ్‌లో ఉన్న నాకు వెంటనే మా ఇంట్లో ఉన్న ప్యాకెట్టు గుర్తొచ్చింది. లేబుల్ వంకరగా అంటిందని పక్కన పడేయవలసిన ప్యాకెట్టు ఒకటి ముందురోజే సంచిలో వేసుకుపోయాను. రెండేళ్ల మా పాప అందులో సగం తినేసింది. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. చెప్పకపోతే ఆ ప్యాకెట్టు ఏ జాబితాలోనూ లేదు.

షిఫ్టు మారే వేళ అక్కయ్యగారు మా ప్యాకింగ్ గది గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరు పట్టుకెళ్లారని అడగట్లేదు. ఎవరింట్లో తిన్నారో చెప్పండి."

ముందు నా చెయ్యి లేచింది. తరువాత ఇంకో నాలుగు.

"అక్కా, పాపకేం కాదు కదా?"

"కాదని అబద్ధం చెప్పలేనే. ఒళ్లు వెచ్చబడితే వెంటనే ఫోన్ చెయ్యి, డాక్టరుకి ఏం చెప్పాలో నేను చెబుతా. మిగిలిన సగం తెచ్చివ్వు. ముందా ముక్కు తుడుచుకుని చేతులు కడుక్కో."

ఐదు రోజులూ, పొద్దున్నా సాయంత్రమూ వారే ఫోన్ చేశారు. పాప నుదురు తడిమి తడిమి నేను దాన్ని విసిగించాను. ఆరో రోజున బాక్టీరియా లేదని నివేదిక వచ్చింది.

"చూశారా, అనవసరంగా అంత సరుకు పారబోయించారు" అని మేనేజరుగారు దెప్పారు.

"అనవసరమైంది కాబట్టే ఇవాళ అన్నం సయిస్తోంది సార్" అన్నారు అక్కయ్యగారు.

తమ నివేదికలో 'సిబ్బంది ఇళ్లలో ఐదు ప్యాకెట్లు' అని మాత్రమే రాశారు, పేర్లు రాయలేదు. ఆ ఐదుగురిలో నేనొకదాన్నని ఇప్పుడు నేనే చెప్పుకుంటున్నాను.

వారు లేని పరీక్షగదిని తలచుకుంటే ఇప్పటినుంచే గుబులుగా ఉంది. అయినా, ముక్కూమొహం తెలియని పిల్లల కోసం ముప్పై ఆరేళ్లు కంటికి కునుకు దూరం చేసుకున్న మా అక్కయ్యగారు, ఇకపై ఏ ఫలితం కోసమూ ఎదురుచూడనక్కరలేని ఉదయాలతో, సంపూర్ణ ఆరోగ్యంతో, మనుమల అల్లరి నడుమ చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.