పగిలిన అద్దానికి కర్త

ఆ వాక్యం కింద నేను సాక్షి సంతకం పెట్టను బాబూ. పెట్టను గాక పెట్టను. ‘కారు ముందు అద్దం పగిలినది’ట! ఎవరు పగలగొడితే పగిలినది? ముప్ఫై నాలుగేళ్లు బడిలో వ్యాకరణం చెప్పినవాణ్ణి. కర్త లేని వాక్యం తెచ్చి నా ముందు పెడతారా?

కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు. ఇటు. తలుపు కాస్త దగ్గరగా వేయండి, వంటింట్లో మా ఆవిడ ఉంది. మీ ఇన్సూరెన్సు కంపెనీ విచారణకు పంపింది ఆవిడ తమ్ముడి కారు గురించే కదా? పై అంతస్తులో ఉంటాడు. వాడి గురించి నేను సాధారణంగా మాట్లాడను. ఆ మాటకొస్తే ఎవరి గురించీ మాట్లాడను. మీరు అడిగారు కనుక చెబుతున్నాను.

నాలుగేళ్ల కిందట వాడు బాల్కనీ గోడ మీది పూలకుండీ జరుపుతూ జారవిడిచాడు. కింద నా కారు. సరిగ్గా ముందు అద్దం మీద పడింది. ఆ అద్దం రాలదు, మీకు తెలియనిదా? రెండు గాజుపొరల మధ్య జిగురుపొర ఒకటి పట్టి ఉంచుతుంది. వేయి బీటలు వారుతుంది, ఒక్క ముక్కా విడిపోదు. అచ్చం మా బంధుత్వం!

లుంగీ ఎగ్గట్టుకుని పరుగున దిగాడు. ‘బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటా, నా పేరు రాయకండి. రాస్తే కంపెనీ నా మీదికొస్తుంది. అద్దం క్లెయిముకి ప్రీమియం రేటు పెరగదు బావగారూ, అద్దాన్ని వాళ్లసలు లెక్కలోకే తీసుకోరు. నా మాట నమ్మండి!’

నమ్మాను. అచ్చుతప్పు కనబడితే అన్నం సయించనివాణ్ణి, పాలసీ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక్క వాక్యం చదవలేదు. ఎందుకు? బావమరిది చెప్పాడని! ఫారంలో నా చేత్తో రాశాను, ‘అద్దం పగిలినది’ అని. వాణ్ణి వాక్యంలోంచి తప్పించాను. ఇప్పుడు మీ కాగితంలో వాడు రాసిందీ అదే వాక్యం. నా దగ్గరే నేర్చుకున్నాడు, చూశారా?

తరవాతేమైందో మీకు చెప్పాలా? కొన్ని పాలసీల్లో అద్దం క్లెయిము రేటును తాకదట. నాది ఆ రకం కాదు. ఏ క్లెయిమైనా క్లెయిమేనట. పందొమ్మిదేళ్లు గీత పడకుండా నడిపాను బాబూ. ఏటా వచ్చే కాగితంలో ‘క్లెయిములు: లేవు’ అని ఉండేది. అన్నీ వరుసగా ఫైల్లో పెట్టుకున్నాను. ఆ ఏడు ‘ఒకటి’ అని వచ్చింది. క్లెయిములు లేనందుకు ఇచ్చే రాయితీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. డబ్బా? పోతే పోనీండి. ఆ ‘ఒకటి’ ఎవరిది?

అప్పుడూ నోరెత్తలేదు. మా ఆవిడ అరవయ్యో పుట్టినరోజు నాడు, చుట్టాలందరి ముందు, వాడు నా భుజం మీద చెయ్యి వేసి ఏమన్నాడో తెలుసా? ‘మా బావగారి పందొమ్మిదేళ్ల పాతివ్రత్యం ఒక్క పూలకుండీతో మంటగలిసిందండోయ్!’

ఇల్లెగిరిపోయేలా నవ్వారు. చుట్టాలు నవ్వారు, సరే. ఆవిడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే అడిగాను, ‘నీ పాలసీ గడువు ఏ నెలలోనోయ్?’ అని. చెప్పాడు. పాపం, చెప్పాడు.

ఏమిటీ? మూడేళ్లలో వాడి అద్దం మూడుసార్లా? ఏటా గడువు ముగిసే ముందేనా? ఆహా. మొదటిసారికి రాయితీ ఊడింది, రెండోసారికి రేటు పెరిగింది, ఈసారి అసలు పాలసీ కొనసాగించాలా వద్దా అని మీ పైవాళ్లు ఆలోచిస్తున్నారా? మంచిది. అద్దాన్ని లెక్కలోకే తీసుకోరన్నది వాడే మరి.

అవును, మూడుసార్లూ ఒకే మూల. డ్రైవరు వైపు, కింద. షెడ్డులో నిలిపిన కారు మీదికి, వాడు చెప్పినట్టు, రాయి ఎలా ఎగిరొస్తుందంటారా? మీరు నా దగ్గర చదివుంటే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

ఏం రాస్తున్నారు? ఏదీ, ఇటు తిప్పండి. ఉండండి, కళ్లజోడు... ‘యజమాని తానే పగలగొట్టుకుని, రాయి తగిలిందని అబద్ధం...’

వాడా?

వాడు పగలగొట్టుకున్నాడా!

నిజమే, నేను ఊరుకుంటే చాలు. వాడి పాలసీ పోతుంది. మోసగాడన్న పేరు వస్తుంది. రేపు ఏ కంపెనీ గడప తొక్కినా ఆ పేరు వాడికంటే ముందే వెళ్లి కూర్చుంటుంది. కాలు కదపకుండా కడుపు నిండుతుంది. ఇంతకంటే నాకేం కావాలి?

కానీ బాబూ, వాడికంత ఓపికేదీ? బల్ల మీద ఆ ఇత్తడి గుండు చూశారా? కాగితాలు ఎగరకుండా పెట్టుకునేది. పదవీ విరమణ నాడు బడివాళ్లు ఇచ్చారు. దాన్ని మేజోడులో దూర్చి, మిట్టమధ్యాహ్నం, పైన వాడు గురకపెట్టే వేళ, మెట్లు దిగి, ఒక్క దెబ్బ. ఒక్కటే. రెండో దెబ్బ పునరుక్తి దోషం. మూడేళ్ల శ్రమ అది! తీసుకెళ్లి వాడి పేరున రాస్తారా? నా క్రియకు వాడు కర్తా?

ఒకసారి వాణ్ణి వాక్యంలోంచి తప్పించి అనుభవించాను. ఇప్పుడు నా వాక్యంలోకి వాణ్ణి రానిస్తానా?

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. విన్నట్టుంది. విననీండి. ఈసారి కూడా నవ్వమనండి.

కొట్టేయండి అది. నేను చెబుతాను, మీరు రాయండి. ‘పగలగొట్టాను.’ అంతే. ముందు ‘నేను’ అని చేర్చకండి, అక్కర్లేదు. ఆ చివరి ‘ను’లో ఉన్నాను.