తెల్లపక్క, నల్లపక్క

"అవ్వా, నా బిడ్డకు నువ్విచ్చిన ఈ రూపాయి ఒకపక్క తెల్లగ, ఒకపక్క నల్లగ ఉండాదేంది?"

అదా... నా తిక్కపని మే అది. చెప్తా, నవ్వాకు.

మా యత్త ఇచ్చిన రూపాయి అది, తెల్లదొరల కాలంనాటి రాణి తలది. మీ నాయన బాప్తీసం నాడు చర్చి బయట నా చేతిలో పెట్టె. పెనం అడుగు మాదిరి నల్లగ ఉండె. "తోమాకు పాపా, రాణి మొగం అరిగిపోతాది" అనె.

నేనేమనుకుంటి? తోమితే సీసం బయటపడతాదని ఈయమ్మ ఇట్ల చెప్తాందని. శానా పిసినారి లే మా యత్త, ఉప్పుగల్లు కూడా ఎంచి వేసేది. అప్పుడు కూలి రోజుకు రెండు రూపాయలు... కాదు కాదు, అది మొగోళ్లకు, ఆడోళ్లకు రూపాయిన్నర. అంత కరువులో ఈయమ్మకు వెండి యాడిదని నా యోచన. ఒకసారి కొట్లాటలో "నీ సీసం బిళ్ల నువ్వే పెట్టుకో" అని ఆయమ్మ కాళ్లకాడ ఇసిరేస్తి. ఆయమ్మ వంగి దాన్ని ఎత్తుకోని, గుడ్డలో చుట్టి, మళ్ల నా పెట్టెలోనే పెట్టె. ఆయమ్మ పొయ్యేదాక మేమిద్దరం ఆ ఊసు తిరిగి ఎత్తలే.

మొన్న నీ బిడ్డకు బాప్తీసం అంటిరి కదా, నాకు భయం పట్టుకునె. పసిబిడ్డ చేతిలో సీసం పెడితే మీ అత్తోళ్లు ఏమనుకుంటారు? కర్నూల్లో పాత రూపాయలు కొనే షావుకారును అడుగుదామని బయల్దేరితి. మురికిది తీసుకపోతే చిన్నచూపు చూస్తారని పొద్దున్నే చింతపండు, బూడిద పెట్టి తోమితి. రాణి పక్క అయిపాయె, రెండోపక్క తిప్పేలోపల బస్సు హారన్ కొట్టె. అట్లే కొంగుకు ముడేసుకోని ఉరికితి.

ఆయప్ప తూకమేసె, భూతద్దం పెట్టి చూసె. "ఎవురు తోమినారవ్వా?" అనె. నేనే నాయనా అంటి. తల పట్టుకునె. "వెండిదే, మంచి వెండి. రాణి ఎంట్రుకలు కూడా అరగలే, ఎవురో శానా జాగర్తగ దాచినారు. ఈ నలుపు ఉంటేనే పాత రూపాయలు పోగుచేసేవాళ్లు ఎక్కువిస్తారు. తోమకపోయింటే మూడింతలు వస్తాండె. ఇప్పుడు వెండి ధరే. ఇస్తావా?" అనె.

నాకు ధర మాట చెవికెక్కలే. వెండిదే అన్న మాటకాడనే నిలబడిపోతి. సుగ్గికని ఊరిడిచి కోతకూలికి పోయి మిరపకాయలు కోసిన చేతులు మే ఆయమ్మవి. గంజి తాగి పడుకున్న నాడు కూడా దాన్ని అమ్మలేదు, తెచ్చి నాకిచ్చె. నేను సీసమంటి.

ఇయ్యనప్పా అని తెచ్చుకుంటి. ఆదివారం ఆరాధన అయినంక సమాధుల కాడికి పోయి, "అత్తా, వెండిదేనంట" అని చెప్పొస్తి. ఇంకెవురికి చెప్పల్ల?

బిడ్డను ఇట్ల తే. సల్లగుండు నాయనా, ప్రభువు నిన్ను... యేయ్, నోట్లో పెట్టుకుంటాండాడు చూడు. తీసుకో మే. తుడిచేవు, తుడవాకు... ఆ నల్లపక్క అట్లనే ఉండనీ.