కొండరాజు ముక్కు

అంటే, రేపు గొర్రెల దొడ్డి దగ్గర ఊరంతా చూస్తుండగా ప్రకటిస్తావన్నమాట! "నా చెల్లెలు స్టెయిన్‌వోర్ కొండరాజు మాట మీరింది, వచ్చే ఏటినుంచి గొర్రెల్ని దింపడానికి కొండకు రాకూడదు" అని. ప్రకటించు తోర్గిల్స్ అన్నయ్యా, ప్రకటించు. గొర్రెల్ని దింపే జట్టుకి కొండరాజువి నువ్వే, కొండమీద ఉన్నన్నాళ్ళూ రాజు మాటే శాసనం. నేను కాదన్నానా?

అలా గోడకేసి తిరిగి కూర్చోకు. ఆ బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెట్టు, సగం ఏరు వాటిలోనే ఉంది.

చుట్టూ అగ్నిపర్వతాలు, నడుమ మంచునది కోసిన ఈ లోయ. ఇక్కడే పుట్టి పెరిగినవాడివి. మంచు కింద కాట్లమ్మ అనే అగ్నిపర్వతం ఒళ్ళు విరుచుకుంటే, వరద రాకముందే ఏరు కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుందని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసే! మరి ఏలినవారికి తెలియలేదేం? ఎలా తెలుస్తుంది, పొద్దుటినుంచి రెండు ముక్కుపుటాల్లోనూ పొడుం దట్టించుకుంటే! మన వెంట వచ్చిన కుర్రాళ్ళకి ఆ కంపు తగిలిందట. రాజుతో చెప్పే ధైర్యం చెయ్యలేదు.

మోరా ఒడ్డునే ఆగిపోయింది. మందకు ముందు నడిచే గొర్రె, దాని తల్లీ అమ్మమ్మా కూడా అదే కొలువు చేశాయి. అది కాళ్ళు బిగబట్టి వెనక్కి తిరిగితే నువ్వేమన్నావు? "రాజు నేనా, ఈ ముసలి గొర్రెనా? తోలండి ఏట్లోకి!" అబ్బ, ఏం దర్పం! గుర్రాన్ని మోకాలి లోతుకి దింపావు కూడా.

అప్పుడే కదూ నేను అరిచింది? "వెనక్కి రా, బుద్ధిలేనివాడా!" అని. అవును, అందరూ విన్నారు. మందని మోరా వెంట గట్టెక్కించాను. నువ్వు ఒడ్డెక్కావో లేదో, వరద విరుచుకుపడి, ఇళ్ళంతేసి మంచుగడ్డలు దొర్లుకుంటూ వచ్చాయి. నీకు ఆ గడ్డలు గుర్తులేవు, నా తిట్టు మాత్రం గుర్తుంది!

ఏమిటీ? అవును, కుర్రాళ్ళు నన్నే పొగుడుతున్నారు. "స్టెయిన్‌వోరత్తది ఎంత చురుకైన ముక్కో!" అని. వచ్చే ఏడు నన్నే రాణిని చేస్తారట. అదేగా నీ మంట?

అయితే విను. ఒక్కసారే చెప్తాను. నాకూ ఏ కంపూ తగల్లేదు. పొద్దున నీ పొడుంకాయ సగం ఖాళీ చేసింది ఎవరనుకున్నావు? గొర్రె తిరిగింది, నేనూ తిరిగాను. అంతే.

కాబట్టి రేపు నన్ను వెలివేసుకో. మోరాని మాత్రం రానియ్యి. మన ఇంట్లో ముక్కున్నది అదొక్కటే.

ఊఁ, ఆ పొడుంకాయ ఇలా పడెయ్.