జేబులో ఫ్యూజు

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చాను, చెయ్యి నెమ్మది. కరెంటు స్తంభం కింద నేనూ, లైన్‌మన్ అయిన నా కొడుకూ అనుకున్న మాటలివి.

“ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నావా?”

“ఆ ఫ్యూజులు తీసేశారమ్మా. ఇప్పుడు టౌనులో కంప్యూటరే లైను ఆపుతుంది.”

“మళ్లీ వేసేది?”

“అదే.”

“నువ్వు పైనున్నావని దానికెలా తెలుస్తుంది?”

“ఆఫీసుకి చెప్పా. ‘చూస్తాం’ అన్నారు.”

“మీ నాన్నతోనూ అలాగే అన్నార్రా. ఆ ఒక్కరోజే పీకిన ఫ్యూజు జేబులో వేసుకోకుండా పెట్టెలో వదిలి ఎక్కారు. ఎవరో తిరిగి పెట్టేశారు.”

“ఎక్కేముందు ఆ మాటెందుకే?”

“ఇంకోసారి ఫోన్ చెయ్యి.”

“ఎత్తట్లేదు.”

“అయితే ఫోన్ నాకిచ్చి, వాళ్లు ఎత్తాకే ఎక్కు. నువ్వు దిగేదాకా వాళ్లని ఫోన్ పెట్టెయ్యనివ్వను.”

ఇట్లు, లైన్‌మన్ భార్య, లైన్‌మన్ తల్లి. అరవై నాలుగేళ్లు. ఉండేది కొడుకింట్లో, వాడు పైకెక్కినప్పుడు మాత్రం స్తంభం కింద.